'యుద్ధం వచ్చే అవకాశం ఉంది' అని రాస్తే ఎంత శాతం అనుకోవాలి?

రిస్క్_డెస్క్_హైద్
అందరికీ నమస్తే. నేను హైదరాబాద్‌లో ఒక కంపెనీలో కంట్రీ రిస్క్ టీమ్‌లో చేస్తున్నా. ఎర్ర సముద్రం దారిలో ఓడలు పంపొచ్చా, ఫలానా దేశంలో ఎలక్షన్ అయ్యాక గొడవలు అవుతాయా, ఇలాంటి వాటి మీద వారం వారం నోట్ రాయాలి. గూఢచర్యం గీఢచర్యం ఏం లేదు, పేపర్లు, శాటిలైట్ ఫొటోలు, షిప్పింగ్ డేటా, అక్కడి వాళ్లతో ఫోన్లు, అంతే. నా గోల ఏంటంటే "ఘర్షణ పెరిగే అవకాశం ఉంది" అని రాస్తే మా మేనేజర్ శాతం వెయ్యి అంటాడు, 30 అని వేస్తే క్లయింట్ తర్వాత "ఏం కాలేదుగా, ఊరికే భయపెట్టారు" అంటాడు. మరి ప్రభుత్వాల నిఘా సంస్థలు నిజంగా యుద్ధం లాంటి వాటికి ఎలా రాస్తాయి? మన చానెళ్లలో "నిఘా వర్గాల హెచ్చరిక" అన్న ముక్క తప్ప ఆ హెచ్చరికలో ఏముందో ఎవరూ చెప్పరు. తెలిసినవాళ్లు పాత ఉదాహరణలతో చెప్తే బాగుంటుంది.

గోదారోడు
మీ గోల సీఐఏకి 1951లోనే వచ్చిందండి. ఆ ఏడాది మార్చిలో యుగోస్లావియా మీద సోవియట్ వైపు దేశాలు దాడి చేస్తాయా అని ఒక అంచనా రాశారు. అందులో దాడి అనేది "సీరియస్ పాసిబిలిటీ" అని ఉంది. ఆ అంచనాలు చూసే ఆఫీసులో షెర్మన్ కెంట్ అనే ఆయన పెద్దల్లో ఒకరు, అంతకుముందు యేల్‌లో చరిత్ర ప్రొఫెసరు. విదేశాంగ శాఖ పెద్దాయన ఒకాయన మాటల్లో "ఆ ముక్కకి మీ లెక్కలో ఎంతండీ" అని అడిగితే కెంట్ 65కి 35, దాడి వైపే అన్నాడు. అవతలాయన గతుక్కుమన్నాడు, వాళ్లంతా దాన్ని చాలా తక్కువగా చదువుకున్నారట. సరే అని కెంట్ వెనక్కొచ్చి దాని మీద సంతకాలు పెట్టిన తన టీమ్ వాళ్లనే ఒక్కొక్కర్నీ అడిగితే ఒకాయన 80 అన్నాడు, ఇంకొకాయన 20 అన్నాడు, మిగతావాళ్లు ఆ మధ్యలో. అంటే రోజుల తరబడి కూర్చుని ఒకే వాక్యం మీద ఒప్పుకుని లేచారు, ఒక్కొక్కడి బుర్రలో ఒక్కో యుద్ధం ఉంది. తర్వాత ఆయన ఏ మాటకి ఎంత శాతం అని పట్టిక వేశాడు, కొలీగ్స్‌లో కొందరు ఇదేం జూదం లెక్క అని వెక్కిరించారు.

నరేశ్_కరీంనగర్
గోదారన్నా సూపర్. మరి ఆ యుగోస్లావియా మీద దాడి అయిందా లేదా చివరికి?

గోదారోడు
కాలేదు తమ్ముడూ. అలాగని 65 తప్పని చెప్పలేం, 35 వైపు పడింది అంతే కదా. ఇలాంటివి ఒక వంద అంచనాలు రాసిపెట్టుకుని, 65 అన్నవాటిలో సుమారు 65 జరిగాయా లేదా అని చూస్తేనే తెలుస్తుంది. యుద్ధాలకేమో వంద ఉదాహరణలు దొరకవు, అదీ తిప్పలు.

ఇప్పుడు అమెరికా వాళ్లకి దీనికి రూలే ఉంది. "లైక్లీ" అంటే 55 నుంచి 80, "వెరీ లైక్లీ" అంటే 80 నుంచి 95, ఇలా ఏడు మెట్లు. దాంతోపాటు ఆ అంచనా మీద నమ్మకం ఎంత అనేది వేరేగా రాయాలి. ఈ రెండూ కలిపేస్తే మొదటికే మోసం.

ప్రశ్నలపుట్ట
వేరు వేరు ఎలా అవుతాయి? 80 శాతం అన్నాక నమ్మకం ఉన్నట్టే కదా?

గోదారోడు
కాదండి. ఒకే ఒక్క మనిషి చెప్పిన మాట మీద 80 అనొచ్చు, పది దారుల్లో తేలిన దాని మీద 80 అనొచ్చు. అంకె ఒకటే, కింద పునాది వేరు. రేపు ఇంకో ముక్క తెలిస్తే మొదటిది 20కి పడిపోవచ్చు, రెండోది పెద్దగా కదలదు. 2011లో అబొట్టాబాద్ ఇంట్లో ఉన్నది బిన్ లాడెనేనా అన్నప్పుడు ఒబామా ముందు ఒకరు 95 అన్నారు, ఇంకొకరు 40 అన్నారు, ఆయన చివరికి విసుగొచ్చి ఇది ఫిఫ్టీ ఫిఫ్టీ అనేసి కమాండోల్ని పంపించాడు. ఇన్ని అంకెలు వచ్చినా పనికొచ్చిన సమాచారం అంతకుముందు ఉన్నదే.

హైఫా_పోస్ట్‌డాక్
నేను ఇజ్రాయెల్‌లో పోస్ట్‌డాక్ చేస్తున్నా (కెమిస్ట్రీ, ఈ సబ్జెక్ట్ కాదు). ఇక్కడ 1973 యుద్ధం (ఈజిప్ట్, సిరియా కలిసి ఇజ్రాయెల్ మీద దాడి చేసిన యోం కిప్పుర్ యుద్ధం) గురించి మాట్లాడని ఇల్లు ఉండదు కాబట్టి నేను చదివింది రాస్తా, పొడుగైతే తిట్టుకోవద్దు.

అప్పట్లో ఇక్కడి మిలిటరీ ఇంటెలిజెన్స్, అమాన్ అంటారు, దాని పెద్ద ఏలీ జైరా. దేశం మొత్తానికి యుద్ధం వస్తుందా రాదా అన్న అంచనా రాసేది అమాన్ ఒక్కటే, విదేశీ గూఢచర్యం చేసే మొసాద్ సమాచారం తెచ్చి ఇస్తుంది తప్ప అంచనా వాళ్లది కాదు. అమాన్ దగ్గర ఒక సిద్ధాంతం ఉండేది, ఇప్పటికీ ఇక్కడ దాన్ని "కాన్సెప్ట్" అనే పిలుస్తారు. ఈజిప్ట్‌కి ఇజ్రాయెల్ ఎయిర్ బేసుల్ని కొట్టగల విమానాలు, దూరం వెళ్లే మిసైళ్లు చేతికి రానిదే యుద్ధానికి రాదు, ఈజిప్ట్ రానిదే సిరియా రాదు. ఇదేమీ గాల్లోంచి పుట్టలేదు, పక్కా సోర్సు నుంచే వచ్చింది, ఈజిప్ట్ మాజీ అధ్యక్షుడు నాసర్ అల్లుడు అష్రఫ్ మర్వాన్ మొసాద్‌కి ఇచ్చిన కాగితాల్లో అదే ఉంది. రాసిన రోజుకి అది నిజం కూడా. కాకపోతే 1972 అక్టోబర్‌లో ఈజిప్ట్ అధ్యక్షుడు సాదత్ మనసు మార్చుకున్నాడు. ఇజ్రాయెల్ చేతిలో ఉన్న సినాయ్ మొత్తం అక్కర్లేదు, సూయెజ్ కాలువ దాటి కొన్ని కిలోమీటర్లు పట్టుకుంటే చాలు, ఆ ముక్క వరకు తమ క్షిపణుల గొడుగు సరిపోతుంది, తర్వాత సంగతి పెద్ద దేశాలు చూసుకుంటాయి అని. అలా ఆలోచించేవాడికి ఆ విమానాలతో పనేముంది? పాత షరతు అమాన్ ఫైళ్లలో అలాగే ఉండిపోయింది.

సమాచారం లేకనా అంటే, కుప్పలుగా ఉంది. సెప్టెంబర్ 25న జోర్డాన్ రాజు హుసేన్ రహస్యంగా వచ్చి ప్రధాని గోల్డా మెయిర్‌తో సిరియా సైన్యం దాడికి సిద్ధమైన పొజిషన్లలో ఉందని చెప్పి వెళ్లాడు. సదరన్ కమాండ్‌లో బెంజమిన్ సిమాన్ తోవ్ అనే కుర్ర లెఫ్టినెంట్ అక్టోబర్ 1న ఒకటి, 3న ఒకటి రిపోర్టులు రాశాడు, ఈజిప్ట్ చేస్తున్నది ఎక్సర్‌సైజ్ కాదు, ఎక్సర్‌సైజ్ ముసుగులో యుద్ధం ఏర్పాట్లు అని. పైవాడు దాన్ని పైకి పంపలేదు. అక్టోబర్ 4 రాత్రి నుంచి సోవియట్ వాళ్లు ఈజిప్ట్, సిరియాల్లో ఉన్న తమ సలహాదారుల కుటుంబాల్ని విమానాల్లో తీసుకెళ్లిపోయారు. 5న అమాన్ రాసిన పెద్ద నివేదికలో 40వ పేరా అని ఒకటుంది, ఇక్కడ చాలామందికి దాని నంబరు కూడా తెలుసు. ముందు పేరాలన్నీ కాలువ ఒడ్డున ఏమేం పోగయ్యాయో వరసగా చెప్పి, ఈ పేరాలో మాత్రం ఇన్ని ఉన్నా యుద్ధం వచ్చే సంభావ్యత తక్కువ అని తేల్చేశారు. మర్నాడు మధ్యాహ్నం 2 గంటల వేళ మొదలైంది. 2,600 మందికి పైగా ఇజ్రాయెల్ సైనికులు పోయారు, అవతల ఇంకా చాలా ఎక్కువ.

నరేశ్_కరీంనగర్
అక్కా గిన్ని కనపడుతుంటే తక్కువ అని ఎట్ల రాసిండ్రు అసలు

హైఫా_పోస్ట్‌డాక్
నరేశ్ గారూ, అదే ఏడాది మే నెల సంగతి తెలియకపోతే వాళ్లు పిచ్చివాళ్లలాగే కనిపిస్తారు. ఏప్రిల్, మే నెలల్లో కూడా ఈజిప్ట్ సైన్యం ఇలాగే కదిలింది. ఆర్మీ చీఫ్ ఎలజార్ భయపడి ఏర్పాట్లు మొదలుపెట్టించాడు, బోలెడు డబ్బు ఖర్చయింది, జైరా ఒక్కడే యుద్ధం రాదు అన్నాడు, రాలేదు. దాంతో అక్టోబర్‌కి ఆయన మాట అంటే వేదవాక్కు. పైగా ఈజిప్ట్ ఎక్సర్‌సైజులు అంటే మామూలైపోయింది. ఇక్కడ రిజర్వ్ వాళ్లని పిలవడం అంటే దేశంలో ఆఫీసులు, పొలాలు, బస్సులు ఆగిపోవడమే, అది కూడా యూదుల పవిత్ర దినం యోం కిప్పుర్ రోజున.

మర్వాన్ చివరి మాట కూడా చెప్పాలి. 5వ తేదీ రాత్రి లండన్‌లో మొసాద్ చీఫ్ జమీర్‌ని కలిసి రేపే యుద్ధం అని చెప్పాడు, టైమ్ సాయంత్రం అన్నాడు, అది మధ్యాహ్నానికే వచ్చింది. అతను డబుల్ ఏజెంట్ అని జైరా చివరిదాకా వాదించాడు, మొసాద్ వాళ్లు కాదంటారు. 2007లో లండన్‌లో బాల్కనీ నుంచి పడి చనిపోయాడు.

మాజీ_సిగ్నల్స్
మేడం బాగా రాశారు. నేను సిగ్నల్స్‌లో సర్వీస్ చేసి రిటైర్ అయ్యా, ప్రకాశం జిల్లా. నా డ్యూటీ సంగతులు రాయను, పబ్లిక్‌లో ఉన్నదే రాస్తా.

కార్గిల్ తర్వాత సుబ్రహ్మణ్యం గారి కమిటీ వేశారు, 1999 జూలైలో. ఆ రిపోర్టు చదివితే అందరూ అనుకున్నట్టు "ఏమీ తెలియదు" అని ఉండదు. 1998 జూన్‌లోనే ఇంటెలిజెన్స్ బ్యూరో డైరెక్టర్ ఒక లెటర్ రాశారు, నియంత్రణ రేఖకి అవతల, కార్గిల్ ఎదురుగా ఉన్న ప్రాంతంలో కదలికలు పెరిగాయని. ప్రధానికి వెళ్లింది, హోం మంత్రికి వెళ్లింది, క్యాబినెట్ సెక్రటరీకి, హోం సెక్రటరీకి, మిలిటరీ ఆపరేషన్స్ డైరెక్టర్ జనరల్‌కి వెళ్లింది. ఎవరికి వెళ్లలేదో చూడండి. బయటి దేశాల సమాచారం చూసే రా చీఫ్‌కి వెళ్లలేదు, అన్నీ కలిపి అంచనా వేయాల్సిన జాయింట్ ఇంటెలిజెన్స్ కమిటీ ఛైర్మన్‌కి వెళ్లలేదు, మిలిటరీ ఇంటెలిజెన్స్ పెద్దకి వెళ్లలేదు. కమిటీ అడిగితే పై నుంచి వాళ్లకి అదే చేరుతుందనుకున్నా అని జవాబు. మన ఆఫీసుల్లో పనిచేసినవాడు ఎవడైనా దీన్ని నమ్ముతాడు. రా వాళ్లు కూడా అదే ఏడాది అక్టోబర్‌లో పాకిస్తాన్ పరిమితంగా, వేగంగా ఏదైనా దాడికి దిగొచ్చు అని ఒక అంచనాలో రాశారు. ఇంత రాసి పెట్టుకుని కూడా 1999 మే మొదటి వారంలో బటాలిక్ దగ్గర గొర్రెల కాపర్లు చూసి చెప్తేగానీ కదల్లేదు. 527 మంది పోయారు. మీ హైదరాబాద్‌లో పెరిగిన మేజర్ పద్మపాణి ఆచార్య అందులో ఒకరు.

నరేశ్_కరీంనగర్
అన్నా నాకైతే కోపం వస్తది ఇవి సదువుతుంటే. ఇంతకీ తప్పు ఎవరిది, లీడర్లదా ఆఫీసర్లదా? ఎవని మీద యాక్షన్ తీసుకున్నరు?

మోడరేటర్
పార్టీల పేర్లు వద్దు దయచేసి. రెండు కామెంట్లు తీసేశాను.

మాజీ_సిగ్నల్స్
తమ్ముడూ, మనిషిని పట్టుకోవడం వల్ల ఒరిగేది తక్కువ. అక్కడ ఇజ్రాయెల్‌లో 1973 మీద వేసిన అగ్రనాత్ కమిషన్ జైరాని, ఎలజార్‌ని పంపించేసింది. మన దగ్గర కమిటీకి శిక్షల పని ఇవ్వలేదు. కానీ తర్వాత డిఫెన్స్ ఇంటెలిజెన్స్ ఏజెన్సీ 2002లో, సాంకేతిక నిఘా చూసే ఎన్‌టీఆర్ఓ 2004లో వచ్చాయి, అవి ఆ రిపోర్టు దారిలో వచ్చినవే.

ఇంకోటి. అదే యుద్ధంలో మన వాళ్లు చేసిన గొప్ప పని ఫోన్ టేప్. 1999 మే ఆఖర్లో ముషారఫ్ బీజింగ్‌లో హోటల్లో ఉన్నాడు, రావల్పిండిలో ఉన్న జనరల్ అజీజ్‌తో మాట్లాడాడు, ఆ మాటల్లో చొరబాటు వెనక సైన్యమే ఉందని తేటతెల్లం. జూన్ 11న మన ప్రభుత్వం దాన్ని ప్రెస్ ముందు పెట్టేసింది, మర్నాడు పాక్ విదేశాంగ మంత్రి సర్తాజ్ అజీజ్ ఢిల్లీ వస్తున్నాడు. దౌత్యంగా బ్రహ్మాండం. నాలాంటోడికి మాత్రం కడుపు తరుక్కుపోయింది. ఒక లైన్ దొరకడానికి ఎన్నేళ్లు పడుతుందో బయటివాళ్లకి తెలియదు. టేప్ వినిపించిన రోజే ఆ లైన్ పోయినట్టు.

రిస్క్_డెస్క్_హైద్
సార్, నేను ఒప్పుకోను. ఆ లైన్ దాచుకుని ఏం చేస్తాం? ప్రపంచం అప్పటిదాకా ముజాహిదీన్లు అన్న కథ వింటోంది, టేప్‌తో ఆ కథ కుప్పకూలింది. వాడకపోతే సమాచారం సమాచారం ఎందుకవుతుంది.

మాజీ_సిగ్నల్స్
తర్వాత యుద్ధంలో ఏం వినపడక కూర్చుంటే అప్పుడు తెలుస్తుంది బాబూ. కానీ మీ వాదన మీది.

వైజాగ్_వాసు
ఇంత సేపు మనం వినేవాడి వైపు నుంచే మాట్లాడుతున్నాం. వినిపించేవాడు కావాలని వినిపిస్తే? ఆర్కే బీచ్‌లో 'విక్టరీ ఎట్ సీ' స్తూపం చూసినవాళ్లందరికీ ఘాజీ కథ సగం తెలుసు, మిగతా సగం ఇది. 1971 నవంబర్ 14న పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ కరాచీలో బయల్దేరింది, మన విమాన వాహక నౌక విక్రాంత్‌ని ముంచాలని. తూర్పు నౌకాదళం చూసే వైస్ అడ్మిరల్ కృష్ణన్ తర్వాత రాసుకున్నదాని ప్రకారం, చిట్టగాంగ్‌కి పంపిన ఒక సిగ్నల్ మన వాళ్లకి దొరికింది, ఫలానా లూబ్రికేటింగ్ ఆయిల్ ఉందా అని, అది సబ్‌మెరైన్లకి తప్ప వాడరు. అంటే ఘాజీ బంగాళాఖాతంలోకి వచ్చిందన్నమాట. విక్రాంత్‌ని అండమాన్ల వైపు దాచి, ఐఎన్ఎస్ రాజ్‌పుత్ అనే పాత ఓడని విక్రాంత్‌లా నటించమని వైజాగ్ దగ్గర సముద్రంలోకి పంపారు. వైర్‌లెస్ బోలెడు మోగించారు, ఒక నావికుడి అమ్మకి ఎలా ఉందో కనుక్కుంటున్నట్టు మామూలు టెలిగ్రామ్ ఒకటి ఓపెన్‌గా పంపారు, మా ఊళ్లో కాంట్రాక్టర్లకి పెద్ద ఓడకి సరిపడా రేషన్, మాంసం, కూరగాయలు ఆర్డర్ పెట్టారు. బజార్లో చెవులుంటాయని వాళ్లకి తెలుసు. డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక హార్బర్ బయట ఘాజీ మునిగిపోయింది. రాజ్‌పుత్ వేసిన బాంబులకా, లోపల పేలిందా అన్నది ఇప్పటికీ మనవాళ్లూ పాక్ వాళ్లూ వేరు వేరుగా చెప్తారు.

నేను చెప్పేది ఏంటంటే కరాచీలో కూర్చున్న ఆఫీసర్‌కి విక్రాంత్ వైజాగ్‌లోనే ఉందన్న మాట వైర్‌లెస్‌లో వినపడింది, టెలిగ్రామ్‌లో వినపడింది, బజార్లోంచి వినపడింది. మూడు సోర్సులు మ్యాచ్ అయ్యాయి అనుకుని ఉంటాడు. మూడిటి వెనకా ఒక్క కృష్ణనే.

గోదారోడు
వాసు గారు చెప్పినదానికి అద్దంలో బొమ్మ లాంటిది ఇరాక్ 2003. సద్దాం దగ్గర లారీల మీద తిరిగే జీవాయుధాల ల్యాబులు ఉన్నాయన్నది రిపోర్టుల్లో పదే పదే వచ్చింది, గట్టిగా కనిపించింది. అడుగుకి వెళ్తే ప్రధానంగా ఒక్కడే, జర్మనీలో ఆశ్రయం అడిగిన ఇరాకీ ఇంజనీరు, కోడ్ పేరు కర్వ్‌బాల్. జర్మన్ల దగ్గర ఉన్నాడు, యుద్ధానికి ముందు అమెరికా వాళ్లకి నేరుగా అడిగే వీలు కూడా ఇవ్వలేదు. అదే మాట 2003 ఫిబ్రవరి 5న అమెరికా విదేశాంగ మంత్రి పావెల్ ఐక్యరాజ్య సమితిలో చెప్పాడు. 2011లో ఆ కర్వ్‌బాలే అబద్ధం చెప్పానని పత్రికకి ఒప్పుకున్నాడు. అల్యూమినియం గొట్టాల మీద ఇంధన శాఖ నిపుణులు ఇవి రాకెట్లకి సరిపోయేవి, యురేనియం పనికి కాదు అని గట్టిగానే చెప్పారు, మైనారిటీ అభిప్రాయంగా పక్కన పెట్టేశారు. కాబట్టి రిస్క్ డెస్క్ గారూ, శాతం కన్నా ముందు "ఈ మాట మొదట ఎవరి నోట్లోంచి వచ్చింది" అన్నది రాయండి.

వైజాగ్_వాసు
శాతాల గురించి నా ఐడియా ఒకటి. మా పోర్టులో తుపాను వచ్చేటప్పుడు ప్రమాద సూచికలు ఎగరేస్తారు. మూడో నంబరు అంటే బోట్లు ఏం చెయ్యాలో, పదో నంబరు అంటే ఏం చెయ్యాలో జాలరిపేటలో చిన్నపిల్లాడికి కూడా తెలుసు. ఎవడూ శాతం అడగడు. హుద్‌హుద్ అప్పుడు చూశాం కదా, 2014లో. యుద్ధం హెచ్చరికకి కూడా ఇలాంటి నంబర్లు పెడితే? ఈ నంబరు ఎగిరితే సెలవులు రద్దు, ఆ నంబరు ఎగిరితే రిజర్వ్ వాళ్లు రావాలి, చర్చల్లేవు.

గోదారోడు
బాగుంది గానీ తుపాను మన బులెటిన్ చదివి దారి మార్చుకోదు కదండీ. శత్రువు చదువుతాడు. మన శాటిలైట్ ఏం చూస్తోందో తెలిస్తే అది చూసే టైమ్‌కి చాప కప్పేస్తాడు. పోఖ్రాన్ అలాగే కదా. 1995 డిసెంబర్‌లో పోఖ్రాన్ దగ్గర అణు పరీక్ష ఏర్పాట్లు అమెరికా శాటిలైట్లు పట్టేశాయి, వాళ్ల రాయబారి ఫొటో తెచ్చి మన వాళ్లకి చూపించి ఆపించాడు. ఆ చూపించడంలోనే మన వాళ్లకి వాళ్ల కన్ను ఎక్కడ ఆనుతుందో తెలిసిపోయింది. 1998లో పని రాత్రిళ్లు చేశారు, పొద్దున్నకి యంత్రాలన్నీ పాత చోటుకే, కలాం గారు మిలిటరీ డ్రెస్‌లో మేజర్ జనరల్ పృథ్వీరాజ్. మే 11న సీఐఏకి కూడా మనతో పాటే తెలిసింది.

నాకు నవ్వొచ్చేది ఏంటంటే అణ్వాయుధాలు చేరుస్తాం అని గెలిచిన పార్టీ మేనిఫెస్టోలోనే ఉంది. దానికి గూఢచారి అక్కర్లేదు. తర్వాత అమెరికాలో అడ్మిరల్ జెరెమియా రివ్యూ చేసి తేల్చింది కూడా అదే, అమెరికా వాళ్లు తమ దగ్గర ఎన్నికల మాట ఎన్నికలకే అనుకుంటారు, ఇండియా వాళ్లూ అంతే అనుకున్నారు అని.

ప్రశ్నలపుట్ట
కానీ ఇప్పుడు రాడార్ శాటిలైట్లు ఉన్నాయి కదా, రాత్రి, మబ్బు తేడా లేకుండా కనపడుతుంది. శ్రీహరికోట నుంచి మనం కూడా పంపాం.

గోదారోడు
అవును, రీశాట్-2, 2009 ఏప్రిల్ 20. ముంబై దాడుల తర్వాత తొందర పెట్టి ఇజ్రాయెల్ రాడార్‌తో పంపారు. ట్యాంకు కనపడుతుంది సరే, ట్యాంకు ఎందుకొచ్చిందో కనపడదు.

ఖార్కివ్_టు_ఖమ్మం
నేను మామూలుగా చదివి వెళ్లిపోతా, ఈ థ్రెడ్‌కి మాత్రం రాయాలనిపించింది. నేను 2022లో ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో మెడిసిన్. మీరు చెప్పిన హెచ్చరికలన్నీ ప్రధానులకి, జనరల్స్‌కి. మాకు వచ్చిన హెచ్చరిక ఫిబ్రవరి 15 ఎంబసీ అడ్వైజరీ. ఉండాల్సిన అవసరం లేనివాళ్లు, ముఖ్యంగా స్టూడెంట్స్, తాత్కాలికంగా వెళ్లడం గురించి ఆలోచించుకోవచ్చు అని. అది చదివి మా రూమ్‌లో ఒకమ్మాయి సూట్‌కేస్ తీసింది, ఇంకొకమ్మాయి "ఆలోచించుకోవచ్చు అన్నారు, వెళ్లమనలేదు" అని పడుకుంది. అంకుల్ చెప్పిన 80, 20 కథ చదువుతుంటే మా రూమే గుర్తొచ్చింది.

అమెరికా వాళ్లు అప్పటికే తమవాళ్లని 48 గంటల్లో వెళ్లిపొమ్మన్నారు. ఉక్రెయిన్ ప్రెసిడెంట్ ఏమో పానిక్ చెయ్యొద్దు అంటున్నాడు. మా కాలేజీ ఆఫ్‌లైన్ క్లాసులే అంది, మిస్ అయితే అన్నీ మళ్లీ చెయ్యాలి, ఇంట్లో నాన్న అప్పు చేసి ఫీజు కట్టారు. టికెట్లు చూస్తుండగానే రేట్లు పెరిగిపోయాయి. 20న ఇంకో అడ్వైజరీ. 22న ఎంబసీ సూటిగా రాసింది, యూనివర్సిటీలు ఆన్‌లైన్ అంటాయో లేదో అని ఎదురుచూడకుండా బయల్దేరండి అని. 24 తెల్లవారుజామున బాంబుల శబ్దానికి లేచాం, ఆ రోజు వస్తున్న ఎయిర్ ఇండియా విమానం మధ్యలోంచి వెనక్కి తిరిగింది. తర్వాత మెట్రో స్టేషన్లో, బంకర్లో. మార్చి 1న కర్ణాటక అబ్బాయి చనిపోయాడు. 2న సాయంత్రం 6 లోపు నడిచైనా ఖార్కివ్ వదిలెయ్యండి అన్నారు, ఊరి బయట ఉన్న పెసోచిన్‌కి నడిచే వెళ్లాం. ఆ మెసేజ్‌లో మాత్రం ఎవరికీ డౌట్ రాలేదు.

నరేశ్_కరీంనగర్
చెల్లె, మంచిగ ఇంటికి చేరినవ్ అదే చాలు.

హైఫా_పోస్ట్‌డాక్
థాంక్యూ అమ్మా రాసినందుకు. ఒక్కటి అడగనా, అప్పుడు ఏం వచ్చుంటే మీరు నిజంగా 15నే బయల్దేరేవాళ్లు?

ఖార్కివ్_టు_ఖమ్మం
కాలేజీ ఆన్‌లైన్ అని ఒక్క లైన్ నోటీసు పెట్టుంటే సగం మందిమి వెళ్లిపోయేవాళ్లం మేడం, అదొక్కటే మమ్మల్ని పట్టి ఉంచింది. ఇంకోటి, 20న టీవీలో మన ఎంబసీ స్టాఫ్ కుటుంబాల్ని ఇండియా పంపిస్తున్నారని వార్త వచ్చింది. అది చూసి నాన్న ఫోన్ చేసి ఇక ఫీజు సంగతి వదిలెయ్, టికెట్ తియ్ అన్నారు. అప్పటికి మాకు దొరికింది 26 ఫ్లైట్.

గోదారోడు
ఇదండీ అసలు ముక్క. 1973లో సోవియట్ కుటుంబాలు, 2022లో ఎంబసీ కుటుంబాలు. మాట చెప్పడం చవక, పెళ్లాం బిడ్డల్ని విమానం ఎక్కించడం ఖరీదు. నాటకానికి అంత ఖర్చు ఎవడూ పెట్టడు. 2022 జనవరి ఆఖర్లో రష్యా సైన్యం సరిహద్దు దగ్గరికి రక్తం నిల్వలు తెస్తోందని వార్త వచ్చినప్పుడు చాలామంది ఎక్స్‌పర్టులు అప్పటిదాకా బెదిరింపే అన్నవాళ్లు తడబడ్డారు. ట్యాంకులు చూపించడానికి కూడా తెస్తారు, రక్తం ఎవరికి చూపించడానికి?

రిస్క్_డెస్క్_హైద్
ఇది నాకు బాగా పనికొస్తుంది. కానీ ఇన్ని చూసి కూడా ఫ్రాన్స్ వాళ్లు యుద్ధం రాదన్నారు కదా, వాళ్ల మిలిటరీ ఇంటెలిజెన్స్ చీఫ్ పదవి కూడా పోయింది. యుద్ధం చాలా ఖరీదు కాబట్టి పుతిన్ చెయ్యడు అని లెక్క వేశారు. లెక్క ప్రకారం ఖరీదే, అది నిజంగానే రష్యాకి ఖరీదైంది. అమెరికా వాళ్లు వస్తుందని కరెక్ట్‌గా చెప్పారు, కీవ్ కొద్ది రోజుల్లో పడిపోతుందన్నది మాత్రం తప్పింది. అంటే ఒకే టీమ్, అవతలివాడి ఉద్దేశం పట్టుకుంది, ఎదుటివాడి పట్టుదల పట్టుకోలేదు. రెండోదానికి ఏ శాటిలైట్ ఉంది?

హైఫా_పోస్ట్‌డాక్
లేదు. 1973 తర్వాత ఇక్కడ అమాన్‌లో ఒక విభాగం పెట్టారు, అందరూ ఏది అంటే దానికి ఎదురు వాదించడమే వాళ్ల ఉద్యోగం. పెద్దలు సంతకం పెట్టకపోయినా నేరుగా పైకి రాసే హక్కు ఉంది. అంచనా రాసే పని మొసాద్‌కి, విదేశాంగ శాఖకి కూడా ఇచ్చారు. అన్నీ మంచివే. అవన్నీ ఉండగానే 2023 అక్టోబర్ 7 హమాస్ దాడి జరిగింది, యోం కిప్పుర్ యుద్ధానికి 50 ఏళ్లు నిండిన మర్నాడు. హమాస్ ప్లాన్ కాగితం చాలా ముందే చేతికొచ్చిందని, ఒక అనలిస్ట్ హెచ్చరిస్తే ఇది వాళ్ల ఊహ, అంత స్థాయి లేదు అన్నారని పత్రికల్లో వచ్చింది. ఎదురు వాదించేవాడికి జీతం ఇవ్వడం తేలిక, రోజూ ఎదురు వాదిస్తుంటే కొన్నాళ్లకి అతను అనేది అంతే కదా అని ఎవరూ వినరు.

నరేశ్_కరీంనగర్
సిగ్నల్స్ అన్నా ఆ కార్గిల్ రిపోర్టు మనలాంటోళ్లకు సదవనీకి దొరుకుతదా? సీక్రెట్ ఏమో అనుకున్న.

మాజీ_సిగ్నల్స్
దొరుకుతుంది, 2000 ఫిబ్రవరిలోనే పార్లమెంట్‌లో పెట్టారు, పుస్తకంగా కూడా వచ్చింది. అక్కడక్కడా భద్రత కోసం తీసేసిన భాగాలు ఉంటాయి, మధ్యలో తెగిపోయినట్టు అనిపిస్తుంది, కంగారుపడకు. మొదటి నుంచి చదివితే చరిత్ర దగ్గరే ఆగిపోతావు. ముందు ఫైండింగ్స్ చాప్టర్ తియ్యి, ఆ 1998 లెటర్ సంగతి అందులోనే ఉంది. ఇంగ్లీషు కొంచెం ఆఫీసు ఇంగ్లీషు, ఎక్కడైనా ఆగితే ఇక్కడ పేరా పెట్టు, చూద్దాం.